పసిబిడ్డ బట్టల్లో మిగిలిపోయేది ఏమిటి: బెంగళూరు నీళ్లు, సబ్బు, కలరా ఉండలు

క్లుప్తంగా: పసిబిడ్డ బట్టలకు ఏ సబ్బు మంచిదన్న ప్రశ్న చుట్టూనే ఇళ్లలో చర్చంతా తిరుగుతుంది. ఉతికి ఆరేశాక బట్టలో ఏం మిగిలిందన్నది అంతకంటే ముఖ్యం. బెంగళూరు బోరు నీళ్లలో ఆ మిగులు ఎక్కువ, దాన్ని వదిలించేది జాడింపు. ఒక్క విషయంలో మాత్రం జాడింపును నమ్ముకోకూడదు: కలరా ఉండల మధ్య దాచిన పాత బట్టలు పసికందు ఒంటికి తగలకూడదు.

భీమవరంలోనో నెల్లూరులోనో పుట్టింట్లో పురుడు పోసుకుని, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో బెంగళూరులోని మారతహళ్లికో హొరమావుకో తిరిగి వచ్చిన ఇళ్లలో తరచు వినిపించే మాట ఒకటుంది. 'ఊళ్లో బాగానే ఉంది, ఇక్కడి నీళ్లు పడలేదు.' అక్కడ వాడిన సబ్బే ఇక్కడా వాడుతున్నారు, ఉతికేదీ ఆ అమ్మమ్మే. అయినా జబ్లాలు అట్టల్లా బిరుసెక్కుతాయి, తెల్ల గుడ్డలు బూడిద రంగుకు తిరుగుతాయి, బిడ్డ మెడ దగ్గర ఎర్రగా కందుతుంది. తప్పు సబ్బుదేనని బేబీ డిటర్జెంట్ కొంటారు. దానితోనూ పెద్ద తేడా కనిపించకపోతే టెన్షన్ మొదలవుతుంది.

నీళ్లు పడలేదన్న మాటలో సగం నిజం ఉంది. ఆ సగం బట్టల్లో ఉంది.

నీళ్లు పడకపోవడం అంటే

బెంగళూరులో అందరి కుళాయిలోనూ ఒకే నీళ్లు రావు. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, ఎత్తుమీదికి పంపు చేస్తే నగరానికి చేరతాయి. పాత పేటలకు ఈ సరఫరా ఎప్పటి నుంచో ఉంది. 2007లో నగరపాలికలో కలిసిన 110 గ్రామాల పరిధి మాత్రం ఏళ్ల తరబడి బోర్లు, ట్యాంకర్ల మీదే గడిచింది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా కనిపించే తూర్పు శివార్లలో చాలా భాగం ఈ కొత్త పరిధిలోనిదే. వాటికోసం కట్టిన కావేరి ఐదో దశ పథకం, రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో, 2024 అక్టోబరులో మొదలైంది. అయితే చాలా అపార్ట్‌మెంట్లలో కావేరి నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. ఏ రోజు ఏది ఎంత కలిసిందో పై అంతస్తులో బట్టలు ఉతికేవాళ్లకు తెలిసే దారి లేదు.

లోతైన బోరులో నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని పైకి వస్తాయి. బకెట్ అంచున తెల్లగా పట్టే సున్నం, గీజర్ కాయిల్ మీద పేరుకునే పొర ఇవే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన గీత ప్రకారం నీటి కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు.

అసలు చిక్కు సబ్బుతో వస్తుంది. సబ్బు అంటే నూనెలోని కొవ్వు ఆమ్లాలకు సోడియం తగిలించిన పదార్థం. కఠిన జలంలో పడగానే సోడియం స్థానంలోకి కాల్షియం వచ్చి చేరుతుంది. అలా తయారయ్యేది నీళ్లలో కరగదు, నురగ ఇవ్వదు, తెల్లటి తెట్టులా తేలుతుంది. లెక్క వేస్తే తీవ్రత అర్థమవుతుంది. కాఠిన్యం లీటరుకు 400 మిల్లీగ్రాములున్న పది లీటర్ల బకెట్ నీళ్లలో సుమారు 25 గ్రాముల సబ్బు ఇలా తెట్టుగా మారాకే మురికి మీద పని మొదలవుతుంది. అంటే 75 గ్రాముల బిళ్లలో మూడో వంతు ఒక్క బకెట్‌కే ఖర్చు. డబ్బు సంగతి అటుంచితే, ఆ తెట్టు ఎక్కడికీ పోదు, నూలు పోగుల మధ్య చిక్కుకుంటుంది. నురగ రావడం లేదని ఇంకాస్త సబ్బు రుద్దితే ఇంకాస్త తెట్టు తయారవుతుంది. బిరుసుదనానికి, బూడిద రంగుకు కారణం ఇదే.

గోదావరి, కృష్ణా కాలవల నీళ్లలో ఈ లవణాలు బోరు నీళ్లతో పోలిస్తే తక్కువ. అక్కడ గుప్పెడు నురగ ఇచ్చిన సబ్బు ఇక్కడ తెల్లబోవడం అందుకే. అనంతపురం నుంచి వచ్చిన అమ్మమ్మకు మాత్రం ఇందులో వింత కనిపించదు, అక్కడి బోర్లూ ఇలాంటివే.

ఇంట్లో తేల్చుకోవడానికి ఒక సీసా చాలు. సగం వరకు కుళాయి నీళ్లు పట్టి, నాలుగు సబ్బు తురుములు వేసి గట్టిగా ఊపాలి. నురగ పైన నిలిచి కింద నీళ్లు తేటగా ఉంటే మెత్తని నీళ్లు. నురగ రాకుండా నీళ్లు పాలలా విరిగితే కఠినమైనవి. పక్కనే తాగే ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లతో మరో సీసా ఊపి చూస్తే తేడా కంటికి కనిపిస్తుంది. ట్యాంకర్ మారిన రోజున ఫలితమూ మారవచ్చు.

సబ్బు, పొడి, లిక్విడ్

సబ్బు పొడి, లిక్విడ్ అని పిలిచేవి రసాయనపరంగా సబ్బులు కావు. వాటిలోని శుభ్రపరిచే పదార్థాలు కాల్షియంతో కలిసి అంత సులువుగా గడ్డకట్టవు. పైగా కాల్షియాన్ని ముందే పట్టి ఉంచే పదార్థాలూ వాటిలో కలుపుతారు. కాబట్టి పసిపిల్లల బట్టలకు బట్టల సబ్బు బిళ్లే మెత్తనన్న నమ్మకం మెత్తని నీళ్లున్న ఊళ్లో నిలుస్తుంది కానీ బోరు నీళ్ల దగ్గర తిరగబడుతుంది.

కుంకుడుకాయ సంగతి ఆసక్తికరం. దాని నురగకు కారణమైన సాపోనిన్లు కాల్షియంతో తెట్టు కట్టవు. అందుకే బోరు నీళ్లలోనూ కుంకుడు రసం నురుగు తేలుతుంది. మురికి వదిలించే బలం మాత్రం తక్కువ. పాల వాసన, చెమట వరకు చాలు, నూనె జిడ్డు ముందు ఆగదు. కళ్లలో పడితే మంట పుట్టించే గుణం ఎలాగూ ఉంది కనుక దాన్నీ బాగా జాడించాల్సిందే.

బేబీ డిటర్జెంట్ల విషయంలో సీసా మీది బొమ్మ కంటే పదార్థాల జాబితా చూడటం మేలు. చాలావాటిలో మామూలు లిక్విడ్‌లో ఉండే రకం పదార్థాలే తక్కువ గాఢతతో ఉంటాయి. నిజమైన తేడా పరిమళంలో, తెల్లదనం కోసం కలిపే మెరుపు రసాయనాల్లో ఉంటుంది. అవి లేని మామూలు లిక్విడ్ దొరికితే పసిబిడ్డ బట్టలకూ సరిపోతుంది. 'బేబీ' అని పేరుండి ఘుమఘుమలాడే సీసా వల్ల అదనపు ప్రయోజనం కనిపించదు.

మరకలు విడగొట్టడానికి డిటర్జెంట్లలో కలిపే ఎంజైముల మీద ఉన్న భయం 1960ల చివర్లో పుట్టింది. డిటర్జెంట్ కర్మాగారాల్లో ఎంజైమ్ దుమ్ము పీల్చిన కార్మికులకు ఉబ్బసం వచ్చింది. ఆ తర్వాత ఎంజైములను దుమ్ము లేవని గుళికలుగా మార్చారు. జాడించిన బట్టలో మిగిలే స్వల్ప మోతాదు చర్మానికి హాని చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పాలు, మలం మరకల్లోని ప్రొటీన్లను విడగొట్టే పనిలో వాటికి సాటి మరొకటి లేదు కూడా.

పిండే ముందు వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ పని వేరు. దాని ఉద్దేశమే బట్టలో మిగిలిపోవడం. పోగుల మీద జారుడు పొరలా అంటుకుంటుంది. దానితో తువ్వాళ్లు, లంగోటీలు నీరు పీల్చే గుణం పోగొట్టుకుంటాయి. బిరుసెక్కిన బట్టకు కండిషనర్ వేయడమంటే తెట్టు మీద మరో పూత పూయడమే.

నీళ్లను మెత్తబరిచే సాఫ్టెనర్ ప్లాంటు ఉన్న అపార్ట్‌మెంట్లలో చిక్కు ఇంకో దిక్కు నుంచి వస్తుంది. ఆ ప్లాంటులోని రెసిన్ కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది. తెట్టు బాధ పోతుంది. అయితే బోరు నీళ్లకు అలవాటుపడిన చెయ్యి అదే కొలత పోస్తే నురగ పొంగుతుంది, రెండు జాడింపులకు పోదు. అలాంటి ఇళ్లలో డిటర్జెంట్ తగ్గించాలి. ఇక ఫ్రంట్ లోడ్ మెషీన్లు తక్కువ నీళ్లతో నడుస్తాయి కనుక పిల్లల బట్టలకు ఎక్స్‌ట్రా రిన్స్ మీట నొక్కడం అవసరం. చేత్తో ఉతికేవారికి గుర్తు తేలిక: ఆఖరి జాడింపు నీళ్లు చేత్తో కలిపితే బుడగలు రాకూడదు, వేళ్లకు జారుడు తగలకూడదు. ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు మిగిలిన రోజున ఆఖరి జాడింపుకు అర బకెట్ వాడినా తేడా తెలుస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, పుట్టినప్పుడు చర్మం ఉపరితలం ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. తర్వాతి వారాల్లో అది నెమ్మదిగా ఆమ్ల స్వభావానికి మారుతుంది. చర్మం తేమను పట్టి ఉంచడానికి, క్రిములను ఆపడానికి ఆ ఆమ్లత అవసరం. సబ్బు అవశేషం క్షారం. అది మెడ మడతల్లో చెమటతో తడిసిన చోట మళ్లీ కరుగుతుంది. పై పొర కూడా పెద్దల చర్మం కంటే పలచన.

నూనె, పసుపు, పాలు

తెలుగు ఇంటి పసిబట్టల మరకలు డిటర్జెంట్ ప్రకటనల్లో కనిపించేవి కావు. రోజూ నూనె మర్దన, సున్నిపిండి నలుగు, పసుపు, కాటుక. ఒక్కోదానికి ఒక్కో తీరు.

కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు ఉదయం బెంగళూరు ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు అంతకంటే చల్లగా ఉంటాయి. ఆ నీళ్లలో ఎంత రుద్దినా గడ్డకట్టిన కొవ్వు పోగుల్లోంచి కదలదు. గోరువెచ్చని నీళ్లు పోస్తే అదే మరక సబ్బుకు లొంగుతుంది. నువ్వుల నూనె గడ్డకట్టదు కానీ బట్టలో మిగిలితే గాలి తగిలి ముక్క వాసన పడుతుంది. ఉతికిన బట్ట రెండు రోజులకే కమురు వాసన వేస్తే నూనె పూర్తిగా పోలేదన్నమాట.

పాలు, మలం మరకలకు దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. వాటిలో ప్రొటీన్ ఉంటుంది. వేడినీళ్లు తగిలితే కోడిగుడ్డు తెల్లసొనలా గట్టిపడి పోగులకు పట్టేస్తుంది. ముందు చల్లని నీళ్లతో వదిలించి, తర్వాత గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. శుభ్రత కోసమని సలసల కాగే నీళ్లు నేరుగా పోయడం వల్ల మరక శాశ్వతమవుతుంది, డిటర్జెంట్‌లో ఎంజైములుంటే అవీ పాడవుతాయి.

పసుపు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రబడటం చాలామందిని కంగారు పెడుతుంది. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపుకు తిరుగుతుంది, అంతే. పారాణికి పసుపులో సున్నం కలిపితే జరిగేదీ ఇదే. జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. అది సబ్బుకంటే ఎండకే త్వరగా పోతుంది, ఎందుకంటే కుర్కుమిన్ వెలుతురులో విరిగిపోతుంది. తల్లిపాలు తాగే బిడ్డ మలంలోని పసుపు రంగుకు కారణమైన బిలిరుబిన్ కూడా వెలుతురుకు నిలవదు. పుట్టుకామెర్లు వచ్చిన బిడ్డను ఆసుపత్రిలో నీలికాంతి కింద పడుకోబెట్టడం, మరక పడ్డ లంగోటీని తడిగా ఎండలో ఆరేయడం ఒకే గుణం మీద ఆధారపడిన పనులు.

తడిసిన లంగోటీలను రాత్రంతా బకెట్‌లో వదిలేస్తే పొద్దున మూత తీయగానే ముక్కుకు ఘాటు తగులుతుంది. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. అదీ క్షారమే. వెంటనే ఉతకడం కుదరకపోతే కనీసం చల్లని నీళ్లలో ఒకసారి ముంచి పిండి పెట్టాలి.

కొత్తవి ఎందుకు ఉతకాలి, పాతవి ఎందుకు ఇష్టపడ్డారు

బారసాల దాకా బిడ్డకు కొత్త బట్టలు వేయకూడదని, పాత నూలు చీర చింపి పొత్తిళ్లు చేయాలని తెలుగు ఇళ్లలో ఆచారం ఉంది. చెప్పే కారణాలు ఏవైనా, ఫలితం మంచిదే. వందసార్లు ఉతికిన నూలుచీరలో గంజి, అదనపు రంగు, మిల్లు రసాయనాలు ఎప్పుడో పోయి ఉంటాయి.

కొత్త బట్ట అలా కాదు. తిరుప్పూరు నుంచి వచ్చే మెత్తని అల్లిక బట్టయినా, చిక్కపేటలో కొన్నదైనా, తయారీలో వాడిన గంజి, పట్టుకోని రంగు ఎంతో కొంత మిగిలి ఉంటాయి. ముడతలు పడని బట్టల్లో, చర్మానికి చిరాకు కలిగించే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో చేసిన రెసిన్లు వాడతారు. జపాన్ 1973లోనే గృహోపకరణాల్లోని హానికర పదార్థాల మీద చట్టం తెచ్చి, రెండేళ్లలోపు పిల్లల బట్టల్లో ఫార్మాల్డిహైడ్‌కు పెద్దల బట్టలకంటే చాలా కఠినమైన పరిమితి పెట్టింది. బట్టలకు ఇచ్చే ఓకో టెక్స్ ముద్రలోనూ పసిపిల్లల తరగతి పరిమితి కిలోకు 16 మిల్లీగ్రాములు, పెద్దల ఒంటికి తగిలే బట్టలకు 75. విడిగా ఉన్న ఫార్మాల్డిహైడ్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి తొడిగేముందు ఒక ఉతుకు ఎంతో పని చేస్తుంది. ముదురు రంగులవి రెండుసార్లు ఉతకడం మేలు.

సాక్సులు, చేతి తొడుగులు తిరగేసి ఉతకాలన్న సలహాకు మాత్రం కారణం మురికి కాదు. ప్రసవం తర్వాత తల్లి జుట్టు రాలుతుంది. ఒక వెంట్రుక లోపల చిక్కుకుని బిడ్డ కాలివేలికి చుట్టుకుంటే రక్తప్రసారం ఆగే దాకా పోవచ్చు. కారణం తెలియని ఏడుపుకు వైద్యులు కాలివేళ్లు చూసేది ఇందుకే.

కలరా ఉండలు: ఉతికితే తీరని ప్రమాదం

పాత బట్టల ఆచారంలో ఒక పెద్ద లొసుగు ఉంది. ఆ పాత చీర ఎక్కడ దాచారు? చాలా ఇళ్లలో ట్రంకు పెట్టెలో, కలరా ఉండల మధ్య. పెద్దబిడ్డ జబ్లాలు, ఉన్ని టోపీలు, దుప్పట్లు రెండోబిడ్డ కోసం దాచేదీ అక్కడే. బెంగళూరు చలికి భయపడి వాటిని పెట్టెలోంచి తీసి నేరుగా బిడ్డకు చుట్టడం మామూలే.

కలరా ఉండ అంటే నాఫ్తలీన్. అది కరగకుండానే ఆవిరవుతుంది. ఆ ఆవిరి బట్ట పోగుల్లో చేరుతుంది, అక్కడి నుంచి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా ఒంట్లోకి వెళ్తుంది. నాఫ్తలీన్ నూనెలో బాగా కరుగుతుంది కనుక నూనె రాసిన చర్మం దాన్ని మరింత తేలికగా పీలుస్తుంది. మర్దన చేసిన ఒంటికి పెట్టెలోంచి తీసిన పొత్తిలి చుట్టడం అందుకే చెడ్డ కలయిక.

ఒంట్లోకి చేరిన నాఫ్తలీన్ విరిగి ఏర్పడే పదార్థాలు ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. ఈ దాడి నుంచి కణాన్ని కాపాడేవాటిలో జీ6పీడీ అనే ఎంజైమ్ ముఖ్యం. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఇది పుట్టుకతోనే తక్కువగా ఉంటుందని అంచనా. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటంతో మగపిల్లల్లో ఎక్కువ. లోపం ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే కనిపిస్తారు, కుటుంబానికి తెలియను కూడా తెలియదు. నాఫ్తలీన్ తగిలినప్పుడు మాత్రం కణాలు గుంపులుగా పగిలిపోతాయి. పగిలిన కణాల నుంచి బిలిరుబిన్ పుడుతుంది. పసికందు కాలేయానికి దాన్ని బయటికి పంపే శక్తి ఇంకా రాలేదు. స్థాయి బాగా పెరిగితే అది మెదడులోకి చేరి వినికిడినీ కదలికలనూ శాశ్వతంగా దెబ్బతీస్తుంది. పుట్టుకామెర్లు ఎలాగూ చాలామంది పిల్లలకు వస్తాయి కదా అని తేలిగ్గా తీసుకునే అవకాశం ఉండటమే ఇందులో అసలు ప్రమాదం. ఐరోపా సమాఖ్య 2008 నుంచి నాఫ్తలీన్ ఉండలను మార్కెట్ నుంచి తప్పించింది. మన కిరాణా కొట్లలో అవి ఇప్పటికీ దొరుకుతాయి.

ఒక్క ఉతుకుతో ఈ వాసన పోదు, ఎందుకంటే నాఫ్తలీన్ నీళ్లలో దాదాపు కరగదు. రోజుల తరబడి గాలికి ఆరేసి, ఉతికి, మళ్లీ ఆరేస్తే తగ్గుతుంది. తొలి నెలల బిడ్డకు అలాంటి బట్ట వాడకపోవడమే సరైన దారి. కర్పూరం బిళ్లలు దీనికి బదులు కావు, అవీ పసిపిల్లలకు విషమే. బాగా ఆరిన బట్టలను గట్టి మూత డబ్బాలో పెట్టి, నీడన ఎండిన వేపాకు గుడ్డలో కట్టి వేస్తే చాలు. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో మడమ నుంచి రక్తం తీసి చేసే నవజాత పరీక్షల జాబితాలో జీ6పీడీ ఉంటుంది. డిశ్చార్జి కాగితాల్లో ఆ ఫలితం ఉందేమో వెతకడం ఉపయోగం.

యాంటిసెప్టిక్ చుక్కలు ఎందుకు వద్దంటారు

ఆఖరి జాడింపు బకెట్‌లో రెండు మూతల యాంటిసెప్టిక్ వేయడం అలవాటుగా మారింది. ఆఖర్న వేసింది పోదు, బట్టలోనే ఎండుతుంది. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో పసికందులకు విపరీతంగా చెమటలు పట్టి, ఊపిరి అందక, ఇద్దరు చనిపోయారు. లాండ్రీలో క్రిములు చేరకుండా వాడిన పెంటాక్లోరోఫినాల్ లవణం గుడ్డల్లో మిగిలి చర్మం ద్వారా ఒంట్లో చేరిందని తేలింది. ఇళ్లలో వాడే యాంటిసెప్టిక్‌లు ఆ రసాయనం కావు, అంత విషమూ కావు. బట్టలో మిగిలింది బిడ్డ ఒంట్లోకి వెళ్తుందన్న సంగతి మాత్రం ఆ ఘటనతో స్పష్టమైంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మామూలు బట్టలకు డిటర్జెంట్, నీళ్లు, ఎండ సరిపోతాయి. ఇంట్లో ఎవరికైనా గజ్జి వంటి అంటువ్యాధి ఉంటే వైద్యులు చెప్పిన మేరకు వేడినీళ్లు వాడాలి.

ఆరేయడం

జూన్ నుంచి నవంబరు దాకా బెంగళూరులో ఎండ నమ్మకం లేదు. యుటిలిటీలో దండెం మీద రెండు రోజులు వేలాడిన బట్టకు ముక్క వాసన వస్తుంది. బట్టలు దూరదూరంగా వేసి ఫ్యాన్ పెట్టడం, చివరి తేమను ఇస్త్రీతో తీయడం పనిచేస్తాయి. గదిలో సాంబ్రాణి పొగ వేసేటప్పుడు అక్కడ బట్టలు ఆరేసి ఉంటే పొగమసి వాటికీ పడుతుంది. కిటికీలు మూసిన ఫ్లాట్‌లో ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. కొత్త కట్టడాలు లేస్తున్న వీధుల్లో బాల్కనీలో ఆరేసిన బట్టలను దులిపి లోపలికి తేవాలి.

ప్రతి కందుడూ బట్టల వల్ల కాదు

పుట్టిన తొలి వారంలో ఒంటి మీద వచ్చిపోయే ఎర్రమచ్చలు దాదాపు సగం మంది పిల్లల్లో కనిపిస్తాయి, ఏ సబ్బు మార్చినా మార్చకపోయినా వాటంతట అవే తగ్గుతాయి. చలికని నాలుగు పొరలు చుట్టిన బిడ్డకు బెంగళూరులోనూ చెమటకాయలు వస్తాయి. బట్టల్లో మిగిలిన సబ్బు వల్ల వచ్చే కందుడు బట్ట ఒరుసుకునే చోట ఉంటుంది: మెడ, చంకలు, నడుం దగ్గర ఎలాస్టిక్. రెండు వారాలు అదనపు జాడింపు, పరిమళం లేని డిటర్జెంట్ వాడి చూస్తే కారణం తేలిపోతుంది. లంగోటీ కట్టే చోట మడతల్లోపల ముదురు ఎరుపు, చుట్టూ చిన్న చిన్న చుక్కలు ఉంటే అది శిలీంధ్రం కావచ్చు, దానికి మందు కావాలి.

కళ్లు పసుపు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, బిడ్డ పాలిపోయి పాలు తాగకుండా మగతగా ఉండటం కనిపిస్తే ఇంట్లో ఆగకూడదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ వైద్యులు అడగకపోయినా, బిడ్డకు చుట్టిన బట్టలు కలరా ఉండల పెట్టెలోంచి తీసినవైతే ఆ మాట ముందే చెప్పాలి.